ఇద్దరూ అమ్మేవాళ్లే

సొరకాయలు పండించడం వరకే అత్తగారి పని. వాటిని వదిలించుకోవడం కోడలి పని. ఆ ఏడు పాదులు విరగకాశాయి. మంచాల కింద కూడా సొరకాయలు చేరేసరికి కోడలు చేతులెత్తేసింది. చిన్న రైతులనూ, వాళ్ల దగ్గర కొనేవాళ్లనూ ఒకచోట కూర్చోబెట్టే సమావేశం ఏదో ఉందని విని, ఈసారి మీరే వెళ్లండి అత్తయ్యా అంటూ సంచీ చేతికిచ్చి బస్సెక్కించింది.

అది పెద్ద హాలు. పొడవాటి బల్లకు ఒకవైపు అమ్మేవాళ్లు, ఎదురువైపు కొనేవాళ్లు కూర్చోవాలని మైకులో చెబుతూనే ఉన్నారు. అత్తగారు వినకపోలేదు. కానీ ఫ్యాను కొనేవాళ్లవైపే తిరుగుతోంది. ఎండన పడి వచ్చిన మనిషి, కాళ్లు అటే లాక్కుపోయాయి.

కాసేపటికి బుర్రమీసాల పెద్దమనిషి ఒకాయన ఎదుటి కుర్చీలో కూర్చుని నమస్కారం పెట్టాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను. ఎవరో హోటలు యజమాని అనుకుంది ఆవిడ. ఆలస్యమెందుకని ఓ సొరకాయ తీసి ఆయన ముందు పెట్టింది.

"గోరు దించి చూడండి అన్నయ్యగారూ. వెన్నలో దిగినట్టు దిగకపోతే నన్నడగండి."

ఆయన మర్యాదకి గోరు దించాడు, బాగుందన్నాడు. తర్వాత తన సంచీలోంచి టమాటా తీసి సొరకాయ పక్కన పెట్టి, నేలకేసి కొట్టినా చితకదని చెప్పాడు. ఈయనకి టమాటాలు కూడా కావాలి కాబోలనుకుని ఆవిడ సొరకాయ గుణగణాలు మళ్లీ మొదటినుంచీ ఎత్తుకుంది. ఈవిడ గట్టి బేరగత్తె అనుకుని ఆయన టమాటా పుట్టుపూర్వోత్తరాలు అందుకున్నాడు. ఒకరు ఊపిరి పీల్చుకునేలోపు ఇంకొకరు మొదలుపెట్టేవారు. చివరికి అత్తగారికే ఓపిక నశించింది.

"ఇంతకీ తీసుకుంటారా, లేదా?"

"ఆ మాట నేనడగాలి కదమ్మా."

"మీరడగడమేమిటి? కొనేది మీరు కదా."

"నేను కొనేవాణ్ణే అయితే మీ సొరకాయ గురించి ఇంతసేపు వింటానా తల్లీ?"

అత్తగారు సొరకాయను తనవైపు లాక్కుంది. ఇంటికెళ్లి కోడలికి ఏం చెప్పాలి? పూటంతా ఇంకో రైతుకి సొరకాయలు అంటగట్టబోయానని చెబితే, నవ్వి నవ్వి దాని పొట్ట చెక్కలవుతుంది. ఆయన మాత్రం తక్కువా, ముఖం మాడ్చుకుని టమాటా సంచీలో పెట్టబోయాడు.

అప్పుడొచ్చింది ఓ హాస్టల్లో వంటచేసే ఆవిడ. హాలంతా తిరిగి విసిగిపోయినట్టుంది, ఫ్యాను కిందనే అత్తగారి పక్కన కూలబడింది. ఎవరిని కదిపినా ఒక్క రకమే ఉందంటున్నారనీ, పొద్దున్నే పదిమంది పది సంచులతో తలుపు కొడుతుంటే తను పొయ్యి ఎప్పుడు వెలిగించాలనీ వాపోయింది. మాటల్లోనే సొరకాయ చేతిలోకి తీసుకుని, ముదిరిందేమో అంది.

అత్తగారు నోరు తెరిచేలోపే బుర్రమీసాలాయన అందుకున్నాడు. "గోరు దించి చూడండమ్మా. వెన్నలో దిగినట్టు దిగుతుంది."

అత్తగారు ఆయనకేసి చూసింది. మాట పడి ఊరుకునే మనిషి కాదు, మంచిమాట పడినా అంతే. "ఆయన టమాటా కూడా చూడండి. నేలకేసి కొట్టినా చితకదు," అంది.

వంటావిడ మాటలు నమ్మే రకం కాదు. టమాటా తీసి నిజంగానే నేలకేసి కొట్టింది. అది పచ్చడై ఆయన చెప్పుల మీదికి చిందింది. ఆయన ముఖంలో నెత్తురుచుక్క లేదు.

వంటావిడ వంగి, నేలమీది గుజ్జును పరీక్షగా చూసింది. "మంచిదే. చితకని కాయతో నేనేం చేసుకోను? ఇంతకీ మీరిద్దరూ కలిసి ఒకే బండిలో తెస్తారా?"

తెస్తామని ఇద్దరూ ఒక్కసారే అన్నారు. ఒకరినొకరు అడగాలన్న ఊహే రాలేదు.

ఇంటికొచ్చి అత్తగారు జరిగింది జరిగినట్టే చెప్పింది. కోడలు అనుకున్నట్టే నవ్వింది, కానీ నవ్వుతూనే మంచం కిందికి దూరి కాయలు బయటికి దొర్లించింది.

ఇప్పుడు బుర్రమీసాలాయన బండి పొద్దున్నే అత్తగారి గుమ్మం ముందు ఆగుతుంది. హాస్టల్ దాకా దారిపొడవునా వాదులాటే. వంటావిడ పాలకూర కూడా అడిగింది మరి, అది ఎవరి పొలంలో వేయాలో ఇంకా తేలలేదు. ఆవిడ ఇద్దరి చేతుల్లో చెరో టీ గ్లాసు పెట్టి, వంటగది తలుపు వేసేసుకుంటుంది.