మూడు పెడల్స్, ఒక ఇనుప మంచం

మా ప్రార్థన మందిరంలోని పాటల బృందంలో పదకొండేళ్లుగా బేస్ గిటార్ వాయిస్తున్నాను. నాలుగే తీగలు, నాలుగూ లావువి, శబ్దమూ లావుదే. ఇన్నేళ్లలో నా వాయిద్యం గురించి నాతో ఎవరైనా మాట్లాడింది రెండుసార్లు. ఒకసారి ఒక పెద్దావిడ అది మోయడానికి బరువుగా ఉంటుందా అని అడిగింది. రెండోసారి మాట్లాడింది పళ్ల డాక్టరు.

పళ్ల డాక్టరు మా బృందంలో కీబోర్డు వాయిస్తాడు. మంచివాడు. ఒక బుధవారం సాధన అయ్యాక, వేదిక మీద చోటు చాలడం లేదని, నేను వాయించేది తన ఎడమచేయి వాయించేస్తుందని, నేను జరిగితే ఇంకో ఇద్దరు నిలబడి పాడుకోవచ్చని అన్నాడు. అందులో కోపమేమీ లేదు. కదిలే పన్ను గురించి చెప్పినట్టు చెప్పాడు.

బృందాన్ని నడిపేది రిటైరైన హెడ్మాస్టరు. ఏ విషయమైనా పరీక్ష పెట్టి తేల్చడం ఆయన అలవాటు. వచ్చే బుధవారం ఒకే పాట రెండుసార్లు పాడాలి. ఒకసారి నేను వాయించాలి, ఒకసారి మానాలి. ఏది ముందో ఆయనకు చెప్పకూడదు. ఆయన కళ్లు మూసుకుని కింద కూర్చుంటాడు. తేడా తెలిస్తే నేను ఉంటాను, తెలియకపోతే దిగిపోతాను. నేను సరేనన్నాను.

ఇంటికి వచ్చి మా ఆవిడకు చెప్పాను. దేవుడికి వినపడితే చాలని ఇన్నాళ్లూ అనుకున్నాను గానీ, అదే నిజమైతే పాడేవాళ్లకు మైకులెందుకు అన్నాను. ఆవిడ బట్టలు మడత పెడుతూ, తల ఎత్తకుండానే అడిగింది.

"దేవుడికి వినపడుతోందని మీకెవరు చెప్పారు?"

మడత పెట్టిన బట్టలు తీసుకెళ్లి బీరువాలో పెట్టాను.

ఆదివారం మధ్యాహ్నం గిటార్ తీసుకుని మా బావమరిది కొట్టుకు వెళ్లాను. రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేస్తాడు. ముందు కొట్టు, వెనక ఇల్లు. ప్రతి ఆదివారం నేను సాధన చేసేది అక్కడే. విషయం విని, నా గిటార్‌ది మెతక గొంతని, దానికి కాస్త గరుకు కావాలని తేల్చాడు. అటక మీంచి డిస్టార్షన్ పెడల్స్ మూడు దింపాడు. అవి కాలితో నొక్కే చిన్న ఇనుప డబ్బాలు. గిటార్‌కీ ఆంప్లిఫయర్‌కీ మధ్య పెడితే శబ్దం గరగరలాడుతుంది. మూడూ చవకవే. ఎంత చవకంటే, రిపేరుకు ఇచ్చినవాళ్లు మళ్లీ రాలేదు.

కొట్టు గోడకు అవతల మా అత్తగారి ఇనుప మంచం ఉంటుంది. ఆవిడకు ఆరేళ్ల నుంచి చెవులు వినపడవు. నేను వాయిస్తే మాత్రం మంచం కోళ్లు సన్నగా వణుకుతాయట. నడుముకు తెలుస్తుందట. "అల్లుడుగారొచ్చారు, టీ పెట్టు" అని కోడలికి కేకేస్తుంది. ఆ ఆదివారం కూడా, మామూలుగా తీగలు సరిచూసుకుంటుండగానే ఆ కేక వినిపించింది.

మొదట ఎర్ర డబ్బా కలిపాం. నొక్కితే గిటార్‌కు జలుబు చేసినట్టయింది. నాలుగు వరుసలు వాయించేసరికి కోడలు టీతో వచ్చి, అత్తయ్య అడగమన్నారని అడిగింది. "ఆపేశారేం అన్నయ్యా? ఒంట్లో బాగాలేదా?" నేను ఆపలేదు. వాయిస్తూనే ఉన్నాను.

రెండోది పచ్చది. దానిలో గరుకు బాగానే ఉంది గానీ, తీగ వదిలిన ప్రతిసారీ ఒక స్త్రీ కంఠం వినపడింది. రేపు ఆకాశం మబ్బు పట్టి ఉంటుందని, అక్కడక్కడ జల్లులు పడవచ్చని చెప్పింది. డబ్బా దగ్గర్లోని రేడియో స్టేషన్‌ను పట్టేస్తోంది. బావమరిది దాన్ని పక్కన పెట్టేశాడు.

"ఇది ప్రార్థనకు పనికిరాదు బావా. వెంటనే జవాబొచ్చేస్తోంది."

మూడోది నల్లది. దాన్ని నొక్కి ఒక్క తీగ మీటగానే, రేకుల కప్పును రోడ్డు మీద ఈడ్చుకుపోతున్నట్టు శబ్దం వచ్చింది. పక్క కొట్టు దర్జీ వచ్చి ఏం కోస్తున్నారని అడిగాడు. పదకొండేళ్లలో నా వాయిద్యం విని ఒక మనిషి లేచి రావడం అదే మొదటిసారి. కొంచెం గర్వం కలిగింది. అది తప్పని తెలుసు. మళ్లీ వాయించాను.

అప్పుడే మా అత్తగారు గోడ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"అల్లుడుగారు వెళ్లిపోయారేంట్రా? చెప్పకుండా వెళ్లే మనిషి కాదే."

నేను ఆవిడకు మూడడుగుల దూరంలో, దర్జీ చెవులు మూసుకునేంత గట్టిగా వాయిస్తున్నాను. నన్ను చూసి ఆవిడ సిగ్గుపడి కొంగు సర్దుకుని లోపలికి వెళ్లింది. బావమరిది నవ్వి, అమ్మ ముందు ఏం వాయించినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టేనన్నాడు. నేనూ నవ్వాను.

నా ఉద్యోగం ఇంటింటికీ తిరిగి నీళ్ల మీటర్లు చదవడం. నీళ్లు వాడలేదని ఇంటివాళ్లు ఎంత చెప్పినా, మీటరు ఏం చెబితే అదే రాసుకుంటాను. ఆ రోజు మా అత్తగారి మంచం రెండుసార్లు చెప్పినా రాసుకోలేదు.

బుధవారం నల్ల డబ్బాతో మందిరానికి వెళ్లాను. మందిరం కాబట్టి మర్యాదగా శబ్దం బాగా తగ్గించాను. పాడేవాళ్లు నాకు వీపు పెట్టి నిలబడ్డారు. హెడ్మాస్టరు కింద మొదటి బెంచీలో కళ్లు మూసుకున్నాడు. మొదటిసారే వాయించాలని నా నిర్ణయం. కాలితో నొక్కి మొదలుపెట్టాను.

పాట మొదటి చరణంలోనే పరుగెత్తింది. రెండో చరణానికి ఆడవాళ్లు ఒక దారి, మగవాళ్లు ఒక దారి. నేను వాయిస్తూనే ఉన్నాను. కాళ్ల కింద వేదిక చెక్కలు ఎప్పుడూ సన్నగా అదిరేవి. ఆ రోజు చచ్చినట్టు పడి ఉన్నాయి. అప్పుడు మంచం గుర్తొచ్చింది.

హెడ్మాస్టరు కళ్లు తెరవలేదు.

"సరే. ఇది అతను వాయించకుండా పాడింది. ఆ ట్యూబులైటు ఎవరో చూడండి, గుయ్యిమంటోంది. ఇక అతనితో పాడండి."

పళ్ల డాక్టరు నావైపు చూశాడు. నేను వాయించడం ఆయన కళ్లారా చూశాడు. మళ్లీ కీబోర్డు మీదికి వంగాడు. ఒకాయన వెళ్లి ట్యూబులైటు ఆర్పేశాడు.

నిజానికి ఇప్పుడు నేను చేతులు కట్టుకుని నిలబడాలి. నియమం అది. నిలబడితే చోటు పోతుంది. వంగి, డబ్బా తీసేసి, గిటార్‌ను ఎప్పటిలాగే కలిపి వాయించాను. చెక్కలు అదిరాయి. పాట నడకలో పడింది, ఆడవాళ్లూ మగవాళ్లూ ఒక దారికొచ్చారు.

"తేడా తెలిసింది. అతను ఉంటాడు" అన్నాడు హెడ్మాస్టరు కళ్లు తెరిచి.

అందరూ పుస్తకాలు సర్దుకుంటున్నారు. అక్కడితో ఊరుకుంటే నాకు నష్టమేమీ లేదు. అయితే అదే మందిరంలో ఆదివారం ప్రార్థనకు కళ్లు మూసుకుని నిలబడాల్సింది నేను. వెళ్లి, మొదటిసారి కూడా వాయించానని, ట్యూబులైటుది తప్పు కాదని చెప్పాను. డబ్బా చూపించాను.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అంటే రెండుసార్లూ ఒకటే వాయించావా?"

"ఒకటేనండి."

"అయితే పరీక్ష చెల్లదు."

"చెల్లదండి."

ఆయన డబ్బా నాకు తిరిగిచ్చాడు. వేదిక మీద నుంచి దింపాల్సింది డబ్బానే గానీ నన్ను కాదని, పరీక్ష మాత్రం నియమం ప్రకారం వచ్చే బుధవారం మళ్లీ జరుగుతుందని అన్నాడు.

బయట పళ్ల డాక్టరు కలిశాడు. చూసి కూడా ఎందుకు ఊరుకున్నారని అడిగాను. తనకు మొదటిసారి వాయించిందే బాగుందన్నాడు. రోజంతా పళ్లు తొలిచే మిషను చప్పుడులో ఉండేవాడికి అది ఇంట్లో ఉన్నట్టే ఉందట. డబ్బా ఇస్తే కీబోర్డుకు కలిపి చూస్తానన్నాడు. ఇచ్చేశాను.

ఆ డబ్బాలు సన్న తీగల గిటార్ల కోసం చేసినవని, లావు శబ్దాన్ని గొంతులోనే మింగేస్తాయని, మిగిలిన రెండిటినీ విప్పి చూశాక బావమరిది చెప్పాడు. తర్వాతి ఆదివారం ఉట్టి గిటార్ కలిపి, అన్నిటికన్నా లావు తీగను ఒక్కసారి మీటి ఆగాను.

గోడ అవతల నుంచి టీ పెట్టమని కేక వినిపించింది. బుధవారం పరీక్ష సంగతి ఇంకా తెలియదు. సాధన మొదలుపెట్టాను.