తాళంచెవి నా దగ్గరే ఉంది

గాలిమర షాఫ్టు లోపల బోలుగా ఉంటుంది. మా ఫ్యాక్టరీలో దాన్ని తిప్పి పరీక్షించే ముందు లోపల సెన్సార్లు అతికించే పని, సన్నగా ఉంటానని నాకే ఇస్తారు. లోపలికి వెళ్లేవాళ్లు స్విచ్ పెట్టెకు సొంత తాళం వేసి, తాళంచెవి వెంట తీసుకెళ్లాలి. ఆ తాళం తీస్తేగాని మోటారు తిరగదు.

ఆరో సెన్సారు అతికిస్తుంటే గోరుకు ఏదో తగిలింది. దీపం పెట్టి చూస్తే వెంట్రుకంత సన్నని పగులు, బెత్తెడు పొడవుంది.

బయట ఉన్న ఫోర్‌మన్ బాబాయికి లోపలి నుంచే చెప్పాను.

"చూడలేదనుకో తల్లీ. కొనేవాళ్లు వచ్చి కూర్చున్నారు. గంటసేపు తిప్పేస్తే అయిపోతుంది."

"విరిగితే ముందు తగిలేది పక్కన నిలబడే నీకే బాబాయ్."



నా మోకాళ్లు గడ్డానికి ఆనుతున్నాయి. వదిలిన ఊపిరి ఇనుముకు తగిలి మొహం మీదికే వస్తోంది. బయటికి వెళ్తే తాళం తీయమంటారు. మేనేజరు ఎదుట నాకు నోరు పెగలదు. అందుకే కదలలేదు.

చివరికి మేనేజరే వచ్చి తొంగిచూశారు. "ఏమ్మా, లోపలే కాపురం పెట్టావా?"

"పగులుందని రిజిస్టర్లో రాసి పంపండి సార్. వస్తాను."

"ముందు బయటికి రా. మాట్లాడుకుందాం."

"మాట్లాడటం నాకు రాదు సార్."

ఆయన ఫోర్‌మన్ వైపు తిరిగారు. "ఆ తాళం కోసెయ్."

"మనిషి లోపల ఉండగా నా చేత్తో కొయ్యను సార్," అన్నాడు బాబాయి.

బూట్ల చప్పుడు దూరమైంది. నా కాళ్లు రెండూ తిమ్మిరెక్కాక, రిజిస్టరు పట్టుకున్న చెయ్యి లోపలికి వచ్చింది. పగులు గురించి రాసి ఉంది. కింద సంతకం సారుది కాదు, బాబాయిది.

"నా సంతకం పడ్డాక ఇక తిప్పడానికి లేదు. రా తల్లీ. తిట్లలో నీ వాటా అట్టిపెట్టాను."