వదిన ఒప్పేసుకున్న పాటలు

వదిన నోటివెంట "కాదు" అన్న మాట రాగా విన్నవాళ్ళు ఆ వీధిలో లేరు. ఇంటి ముందు గదిలో ఆమె కుట్టుమిషను. వచ్చినవాళ్ళు చేతులు పొడుగు పెట్టమంటే "అలాగేనండీ" అనేది, మెడ కాస్త దించమంటే "అలాగేనండీ" అనేది, ఆ వెనకాలే వచ్చిన అత్తగారు "మరీ దించకమ్మా" అంటే దానికీ "అలాగేనండీ" అనేది. తీరా కత్తెర చేతికి తీసుకున్నాక బట్ట ఎంతకు వస్తే అంతకు కుట్టేది. తొడుక్కుని అద్దం ముందు నిలబడినప్పుడు అందంగా కనిపిస్తే చాలు, అడిగిందేమిటో అడిగినవాళ్ళకే గుర్తుండేది కాదు. ఇన్నేళ్ళ వ్యాపారంలో ఆ మాట వల్ల ఆమెకు మంచి పేరే తప్ప మాట పడింది లేదు.

వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆమె వదినే అయినా, అసలు మరిది ఒక్కడే. అతను వెనక గదిలో ఉండేవాడు. గిటారు వాయిస్తూ సొంతంగా పాటలు కట్టి పాడేవాడు. వీధిలో హారన్లు లోపలికి రాకుండా వదిన దగ్గర మిగిలిన పరదా గుడ్డలూ, పాత బొంతలూ తెచ్చి నాలుగు గోడలకూ మేకులు కొట్టి వేలాడదీశాడు. ఆ గదిలోకి వెళితే బట్టల బీరువాలో దూరి తలుపేసుకున్నట్టు ఉండేది. అందులో కూర్చుని పాడి ఇంటర్నెట్లో పెట్టిన పాటలకు వినేవాళ్ళు బాగానే పోగయ్యారు.

అది చూసి ఒక మ్యూజిక్ కంపెనీవాళ్ళు పిలిచి సంతకం పెట్టించుకున్నారు. జోలపాటలా మెల్లగా సాగే అతని పాటకు వెనకనుంచి డప్పులూ, ఈలలూ, ఎవరో "హా, హా" అంటూ కేకలూ కలిపి విడుదల చేశారు. అది విన్నరోజు మరిది అన్నం ముందు కూర్చుని, "వదినా, ఇందులో పాడుతున్నది నేనా, పక్కింటి మిక్సీనా?" అని అడిగాడు. ఆ దెబ్బతో ఇక కంపెనీల గడప తొక్కకూడదనుకున్నాడు. కొత్త ఆల్బంకు వినేవాళ్ళనే నేరుగా అడిగాడు. వాళ్ళు ముందుగా తలా కొంత వేస్తే, ఆ డబ్బుతో పాటలు రికార్డు చేసి మొదట వాళ్ళకే పంపుతానని వెబ్‌సైటులో పేజీ తెరిచాడు. రాబోయే పాటల పేర్లు కూడా అందులో రాశాడు, అన్నిటికన్నా పైన గొడుగు పాట.

డబ్బు బాగానే వచ్చింది. డబ్బుతోపాటు మెసేజీలు వచ్చిపడ్డాయి. మరిదికి పాటలో తప్ప మాట పెగలదు. ఫోను తెచ్చి వదిన ఒళ్ళో పెట్టాడు.

"నువ్వయితే గోడచేత కూడా కబుర్లు చెప్పిస్తావు. ఆ థాంక్సులేవో నువ్వే చెప్పు వదినా."

"అలాగే," అంది వదిన.

ఆమెకు టైపు చెయ్యడం విసుగు. అందుకని మిషను తొక్కుతూనే వాయిస్ మెసేజీలు పంపేది. అడుగున మిషను టకటక, పైన ఆమె గొంతు. ఎదుటివాళ్ళకు తమ ఇంటి వరండాలో కూర్చుని మాట్లాడినట్టే ఉండేది. ఇంకేం, మొహమాటాలు పోయాయి. దూరప్రయాణాల బస్సు నడిపే డ్రైవరు గొడుగు పాటలో డ్రమ్ము గట్టిగా వేయించమన్నాడు, ఆ పాట పెట్టుకుంటే కునుకు రాకూడదట. "అలాగేనండీ, మీ చేతిలో అంతమంది ప్రాణాలు" అంది వదిన. ఆస్పత్రి నర్సు అదే గొడుగు పాటలో అసలు డ్రమ్మే లేకుండా చెయ్యమంది, డ్యూటీ దిగి వింటూ నిద్రపోవాలట. "అలాగే తల్లీ, ఎంత అలిసిపోయి వస్తావో" అంది. పళ్ళ డాక్టరు ఆ పాటకే మాటలు తీసేసి ఉత్త రాగం పాడమన్నాడు, లెక్కల మేష్టారు చివర ఇంకో చరణం కలపమన్నాడు. కాదనడానికి నువ్వెవరు, నేనెవరు అన్నట్టు అందరికీ ఒప్పేసుకుంది. తొడిగి చూసుకున్నప్పుడు వాళ్ళే సర్దుకుంటారని ఆమె ధీమా.

పాటలు తొడిగి చూసుకునేదాకా కూడా వాళ్ళు ఆగలేదు. ఒకరోజు పొద్దున డ్రైవరు ఆ పేజీలో అందరూ చూసేలా "డ్రమ్ము ఎంతవరకు వచ్చింది?" అని అడిగాడు. నర్సు "డ్రమ్మేమిటి? లేదని నాకు మాటిచ్చారు" అంది. డాక్టరు వచ్చి, మాటలే ఉండవంటే మీకు డ్రమ్ము గొడవేమిటన్నాడు. మధ్యాహ్నానికి అక్కడ కుళాయి దగ్గర బిందెల తగవంత అయింది. ప్రతివాళ్ళూ సాక్ష్యానికి వదిన గొంతునే తెచ్చి పెట్టారు, మిషను టకటకతో సహా.

మరిది హెడ్‌ఫోన్లు మెడలో వేసుకుని ముందు గదిలోకి వచ్చాడు. అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది వదినకు.

"ఒక్క కంపెనీని వదిలించుకుని ఇంతమందిని నెత్తిన పెట్టుకున్నాను," అన్నాడు. "ఎవరి డబ్బు వాళ్ళకు పంపేస్తాను వదినా. ఆల్బమూ వద్దు, ఏమీ వద్దు."

"అదేమిటయ్యా, వాళ్ళు అడిగారు, నేను అలాగే అన్నాను. అంతేగా?"

"అలాగే అంటే చేస్తాననేగా అర్థం?"

ఆ కోణంలో వదిన ఎన్నడూ ఆలోచించలేదు.

మరిది వెనక గదిలోకి వెళ్ళి గిటారును సంచిలో పెట్టి జిప్పు లాగాడు. ఆ చప్పుడు ముందు గదిదాకా వినిపించింది. వదిన మిషను ఆపి లేచింది. గుమ్మంలో నిలబడి, "ఆదివారందాకా ఆగు. ఒప్పుకున్నది నేను, నేనే పోయి చెప్పుకుంటాను," అంది.

"ఏమని?"

"కుదరదని."

"నువ్వా?" అన్నాడు మరిది. అంత కోపంలోనూ అతనికి నవ్వొచ్చినంత పనయింది.

ఫ్రిజ్‌లు బాగుచేసే భర్త సాయంత్రం ఇంటికి రాగానే వదిన ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టింది. "ఏమండీ, నన్నేదైనా అడగండి. నేను కాదంటాను."

"మా చెల్లెల్ని పది రోజులు ఉండి వెళ్ళమని పిలుద్దామా?"

"అయ్యో, పిలవకపోతే ఎలా?"

"అదిగో." ఆయన స్క్రూడ్రైవరు జేబులోంచి తీసి బల్లమీద పెట్టాడు. "సరే, చిన్నది అడుగుతాను. కాస్త టీ పెడతావా?"

"అలాగే," అంటూ ఆమె లేవబోయింది. ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. "చూడు, నేను రోజూ జనానికి చెబుతూనే ఉంటాగా, ఈ ఫ్రిజ్ ఇక బాగవదమ్మా అని. చెప్పి నోరు మూసుకోవాలి. ఎందుకో చెప్పడం మొదలెడితే వాళ్ళు బేరం మొదలెడతారు. కుదరదు అను. ఆపు. మళ్ళీ అడగనా? టీ పెడతావా?"

వదిన పంటి బిగువున ఊపిరి పట్టింది. "కుద...రదు."

"శభాష్," అన్నాడాయన. కాసేపు చూసి, తనే లేచి వెళ్ళి టీ పెట్టుకున్నాడు.

మొదటి ఫోను నర్సుకు చేసింది. "బాగున్నావా తల్లీ, అన్నం తిన్నావా" దగ్గర మొదలుపెట్టి, పాప దగ్గుమీదుగా, ఆ అమ్మాయి అత్తగారి కీళ్ళనొప్పులదాకా వెళ్ళి, చివరికి పాపకు ఒక గౌను కుట్టి పంపుతానని మాటిచ్చి పెట్టేసింది. పాట సంగతే రాలేదు. భర్త పేపరు వెనకనుంచి దగ్గాడు. మళ్ళీ చేసింది. ఈసారి పలకరింపులు మానేసి, "గొడుగు పాట మా మరిది ఎలా కడితే అలాగే ఉంటుందమ్మా. నీ మాట కుదరదు," అని కళ్ళు మూసుకుంది.

"ఓ, అదా," అంది నర్సు. "ఏదో మాటవరసకి అన్నాను వదినా. ఎలా ఉన్నా నేను నిద్రపోతాలే. గౌను మాత్రం మర్చిపోకు."

అక్కణ్ణించి నోరు తిరిగింది. చాలామంది మాటవరసకి అన్నవాళ్ళే. "మీరు ఒప్పుకున్నప్పుడే ఆశ్చర్యపోయాను" అన్నవాళ్ళు కొందరు. అడిగిన సంగతే మరిచిపోయినవాళ్ళు ఇంకొందరు. పళ్ళ డాక్టరు మటుకు మర్యాదగానే, అలాగైతే తన డబ్బు పంపేయమన్నాడు. వదిన ముఖం మాడింది గాని, "పంపిస్తాం డాక్టరుగారూ" అంది. ఫోను పెట్టేశాక ఒళ్ళు తడుముకుని చూసుకుంది. కాదన్నందుకు ఒక మనిషి వెళ్ళిపోయాడు, ఇల్లేమీ కూలలేదు.

ఆదివారం డ్రైవరు దొరికాడు. ఆయన మాటవరస మనిషి కాదు.

"నేను డబ్బేసిందే డ్రమ్ము కోసం వదినగారూ."

"కుదరదండీ."

"కాస్తయినా? మధ్యలో, ఒక్కచోట?"

వదిన నాలుక చివరిదాకా వచ్చింది ఆ పాత మాట. గుమ్మం అవతల మరిది నిలబడి వింటున్నాడని ఆమెకు తెలియదు. మిషను చక్రాన్ని గట్టిగా పట్టుకుంది.

"ఒక్కచోట కూడా కుదరదు. వాడు మీ ముందుకు తేకముందే మనం కత్తెర వేస్తే, అది వాడి పాట కాదు, నా పాటా కాదు, మీదీ కాదు. డబ్బు వెనక్కి కావాలంటే పంపిస్తాం. నేను మీకు మాటివ్వడం నా తప్పు. పాటది గాని, వాడిది గాని కాదు."

అవతల బస్టాండు రొద వినిపించింది. వదిన, భర్త నేర్పినట్టే, అక్కడితో ఆపింది.

"డబ్బు ఉండనివ్వండి," అన్నాడు డ్రైవరు చివరికి. "పాట బాగోకపోతే తిట్టొచ్చా?"

"అది మాత్రం అలాగేనండీ."

వెనక గదిలో జిప్పు తీసిన చప్పుడయింది.

ఆ తర్వాత చాన్నాళ్ళు మరిది బొంతల గదిలోంచి తిండికి తప్ప బయటికి రాలేదు. పాటలన్నీ పూర్తయిన రోజున వదిననూ అన్నయ్యనూ లోపలికి పిలిచి కూర్చోబెట్టి వినిపించాడు. వినేవాళ్ళందరికీ పంపేముందు ఇంట్లోవాళ్ళు వినాలని. అన్నయ్య ప్రతి పాటకూ తలూపాడు. మరిది వదిన వైపు తిరిగాడు. "గొడుగు పాట ఎలా ఉంది?"

"బాలేదు," అంది వదిన.

అన్నయ్య తలూపడం ఆపేశాడు. మరిది ముఖం ఎర్రబడింది.

"నువ్వెప్పుడూ బాగుందనే కదా అనేదానివి!"

"అనేదాన్ని. అందులో సగం అబద్ధం."

"మరి ఆరోజు డ్రైవరుతో ఏమన్నావు? ఎవరూ కత్తెర వెయ్యకూడదనేగా?"

"ఆయన వినకముందు అడిగాడయ్యా. నేను విన్నాక చెబుతున్నాను. మార్చమనలేదు, బాలేదన్నాను. మార్చడం మానడం నీ ఇష్టం."

మరిది హెడ్‌ఫోన్ల తీగను వేలికి చుట్టాడు, విప్పాడు, మళ్ళీ చుట్టాడు. పాటలో లోపమెక్కడో అడిగే అవసరమే కంపెనీవాళ్ళు అతనికి రానివ్వలేదు. వినేవాళ్ళ మెసేజీల్లోనూ దానికి జవాబు దొరకలేదు.

"ఎక్కడ బాలేదు?" అన్నాడు మెల్లగా.

"రెండో చరణం అయ్యాక. చెప్పిందే చెబుతున్నావు. బట్ట మిగిలింది కదా అని నడుం చుట్టూ కుచ్చులు పెట్టినట్టుంది. పాట అక్కడికే నిండిపోయింది."

మరిది కంప్యూటరు వైపు తిరిగాడు. చాలాసేపు ఏదో వెనక్కీ ముందుకీ జరిపాడు. అతను ఒక ముక్క తీసేసి, రెండు అంచులూ కలిపి మళ్ళీ వినిపించాడు. పాట ఇంకా ఉంటుందనుకున్నచోట ఆగిపోయింది. ఆ గుడ్డల గదిలో ముగ్గురి ఊపిరీ వినిపించింది.

"ఇప్పుడో?" అన్నాడు.

వదిన కుర్చీ కాస్త ముందుకు లాక్కుని, "మొదటినుంచి పెట్టు," అంది.