కిటికీ కింద ప్లగ్గు

“నీ కోసమే కదా చెప్తా ఉండేది” అన్నాడు మోహన్‌కుమార్ బూటు లేసు కట్టుకుంటూ. “దినమూ ఆ వైర్లతో నువ్వు పడే అవస్థ చూడలేకుండా ఉండాను. ఒక ఛార్జింగ్ డాక్ తీసుకుందాం. టీవీలో గేమ్ ఆడేసినాక రెండు కంట్రోలర్లూ దాని మీద కూర్చోపెట్టేస్తే అయిపోతాది, వైరు లేదు, గొడవ లేదు. నువ్వు చదువుకున్నదానివి, రివ్యూలన్నీ చూసి మంచిది ఒకటి ఆర్డర్ పెట్టు. ఆదివారం మూర్తి ఫ్రెండ్స్ వస్తారు, ఆ లోపల రావాల.”

బెంగళూరు రైలుకు వేళయిందని వెళ్లిపోయాడు. వెనకే అతని తమ్ముడు మూర్తి, నోట్లో ఇడ్లీ ముక్క ఇంకా నములుతూనే. కోరమండల్‌లో బంగారు గనుల కాలం నాటి మా లైన్ల ఇళ్ల నుంచి పొద్దున్నే సగం మంది మగవాళ్లు ఆ రైలుకే పరిగెత్తుతారు, చీకటి పడ్డాకే తిరిగొస్తారు. నేను రాబర్ట్‌సన్‌పేటలో ఒక ప్రైవేటు స్కూలు ఆఫీసులో గుమాస్తాను. ఆ రోజు స్కూలుకు సెలవు. గ్యాసు పొయ్యి తుడుస్తూ ఆ మాట గురించే ఆలోచించాను. నీ కోసమే. మొగుడు నా అవస్థ గమనించాడు, దానికొక ఉపాయం కూడా వెతికాడు. మా ఊళ్లో ఏ మగవాడు ఈ మాత్రం చేశాడు? నేను సంతోషించాలి. తుడిచిన పొయ్యినే మళ్లీ తుడుస్తున్నానని కాసేపటికి తెలిసింది. సంతోషం మాత్రం రాలేదు. ఎందుకు రాలేదో కూడా తెలియలేదు.

ఆ కంట్రోలర్లకు ఛార్జింగ్ పెట్టడం నా పని ఎప్పుడయిందో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. పెళ్లయిన కొత్తలో ఒక ఉదయం ఇల్లు ఊడుస్తుంటే సోఫా మీద పడి ఉన్న కంట్రోలర్‌లో చిన్న దీపం ఆరుతూ వెలుగుతూ కనిపించింది. పాపం అనిపించి కేబుల్ వెతికి పెట్టాను. సాయంత్రం అతను “థ్యాంక్స్ నేత్రా” అన్నాడు. ఆ థ్యాంక్స్ నాకెంత బాగుందంటే మర్నాడు కూడా పెట్టాను. తర్వాత ఒక రోజు మరిచిపోయాను. ఆట మధ్యలో అది ఆగిపోయింది. “వదినా, ఛార్జింగ్ పెట్టలేదా?” అని మూర్తి అడిగాడు. కోపంగా కాదు, ఆశ్చర్యంగా అడిగాడు, నల్లా విప్పితే నీళ్లు రాలేదన్నట్టు. వంటింట్లోంచి మా అత్త గురువమ్మ, “మగోళ్లు షిఫ్ట్ ముగించి అలిసి వస్తారు, అంత మాత్రం చూసుకోలేవా అమ్మీ?” అంది. గనులు మూతపడి ఎన్నేళ్లయిందో! ఆమెకు మాత్రం కొడుకులు ఇప్పటికీ షిఫ్ట్ నుంచే వస్తారు. కంట్రోలర్లను ఆమె ఎండ్రకాయలంటుంది. “ఎండ్రకాయలకు మేత పెట్టినావా?” అని నేను స్కూలుకు బయల్దేరేటప్పుడు అడుగుతుంది. నవ్వుతూనే అడుగుతుంది. నేనూ నవ్వుతూనే వెనక్కి వచ్చి పెట్టి వెళతాను. ఆవని ఊరి పక్కన మా పల్లెలో మా అమ్మ పట్టుపురుగులకు అట్లాగే జ్వరంలో కూడా లేచి ఆకు వేసేది. కానీ పురుగులు చివరికి గూడు కట్టి ఇస్తాయి. ఇవి మళ్లీ ఖాళీ అయిపోయి వస్తాయి.

వంట ముగించి ఫోను పట్టుకుని కూర్చున్నాను. డాకులు ఇన్ని రకాలని నాకేం తెలుసు? కొన్నిటికి కంట్రోలర్ కడుపు కింద ఇత్తడి ముళ్లలాంటివి తగలాలట. కొన్నిటికి ఛార్జింగ్ రంధ్రంలో ఒక చిన్న ముక్క ఎప్పుడూ గుచ్చి ఉంచాలట. ఆ ముక్క పోతే డాకు దండగ. ఒకదానికి దీపం నారింజ నుంచి పచ్చకు మారుతుంది. ఇంకొకటి రాత్రంతా నీలంగా వెలుగుతుందని ఒకాయన తిట్టాడు, ఆ నీలమే అందమని ఇంకొకాయన మెచ్చుకున్నాడు. చదివేకొద్దీ తల తిరిగింది. ఒక రివ్యూ దగ్గర ఆగిపోయాను. ‘మా ఇంట్లో బాగా ఉపయోగపడుతోంది. నా భార్యకు వైర్ల బాధ తప్పింది’ అని ఎవరో అయిదు చుక్కలూ ఇచ్చాడు. చాలాసేపు ఆ వాక్యాన్నే చూశాను. ఆ భార్య కూడా ఇంత సేపు వెతికిందా? లేక ఆమెను అడగకుండానే కొన్నాడా? ఏది నయం?

మూర్తికి ఫోన్ చేశాను. “వదినా, అన్నది కొత్త మోడలు, నాది పాతది. ఛార్జింగ్ రంధ్రం వేరే. రెండూ పట్టేది చూడు” అన్నాడు.

“రెండూ పట్టేది లేదప్పా. చూస్తానే ఉండాను.”

“లేకుండా ఎట్లుంటాది? బాగా వెతుకు. నువ్వు బీకామ్ కదా!” నవ్వు వినిపించింది. పక్కన ఎవరో కూడా నవ్వారు.

మా ఇంట్లో నేనే మొదటి డిగ్రీ. మా నాన్న పిల్లప్ప ఆ సర్టిఫికెట్‌ను దేవుడి పటం పక్కన తగిలించాడు. అత్తవారింట్లో దానికి వేరే అర్థం వచ్చింది. మిక్సీ ఏది కొనాలి, మామ బీపీ మాత్రల చీటీలో ఏముంది, వైఫై ఎందుకు రాదు, అన్నిటికీ బీకామ్. సరిగ్గా కుదిరితే వస్తువు మంచిది. కుదరకపోతే, చదువుకుని ఏం లాభం? ఇదంతా గౌరవమో, చాకిరో విడదీసి చూడటం నాకు చేతకాదు. ఒక్కోసారి గౌరవంలాగే ఉంటుంది.

మోహన్‌కు ఫోన్ చేసి, మూర్తిది వేరే మోడలని, ఏం చేయమంటారని అడిగాను. “నీకు ఏది ఈజీనో అదే తీసుకో నేత్రా. వాడేది నువ్వే కదా” అన్నాడు ప్రేమగానే. వాడేది నేనా? ఆ ఆట నేను ఒక్కసారి కూడా ఆడలేదు. ఒకసారి పట్టుకుంటే టీవీలో నా బొమ్మ మనిషి గోడ దాకా నడుస్తూ పోయి అక్కడే ఆగిపోయాడు, అన్నదమ్ములు పడీ పడీ నవ్వారు. కానీ అతను చెప్పింది అబద్ధం కాదు. డాకు వాడేది నేనే. వస్తువు అతనిదీ, దాన్ని వాడే పని నాదీ అయితే దాన్ని ఎవరి వస్తువనాలి? కోపం వచ్చింది. మంచి మాటకు కోపమేమిటని సిగ్గు కూడా వచ్చింది.

మధ్యాహ్నం మామ జయరాం వచ్చి కుర్చీ లాక్కుని ఫోనులోకి తొంగి చూశాడు. గనిలో లోపలి పని చేసి రిటైరయిన మనిషి.

“ఇదేమమ్మా, మా ల్యాంప్ రూమ్ మాదిరి ఉండాది!” అన్నాడు. “షిఫ్ట్ ముగించి పైకి వస్తానే టోపీ దీపం తీసి ఇట్లే వరసగా రాక్‌లో పెట్టేది. మరుసటి దినానికి ఛార్జ్ ఎక్కి ఉంటాది.”

“ఎవరు పెట్టేవాళ్లు మామా?”

“ఎవురేమి? ఎవురి దీపం వాళ్లే. వాడి నంబరు, వాడి జాగా. ఎంత అలుపున్నా దీపం పెట్టకుండా ఇంటికి పొయ్యేదానికి లేదు. పెట్టనోడు రేపు గనిలోకి చీకట్లో దిగాల.”

వంటింటి గడపలో చింతపండు పిసుకుతున్న అత్త తలెత్తకుండానే అంది: “ఆడ దీపం పెట్టినారు, సరే. ఇంటికొచ్చి తాగిన చెంబు ఎత్తి పెట్టింది మాత్రం నేను చూడలేదు.”

“చూడమ్మా, ఎంత బాగా గుర్తు పెట్టుకుని ఉండాదో మీ అత్త!” మామ పగలబడి నవ్వాడు. నవ్వు ఆపుకుని గది చుట్టూ చూసి, “దీన్ని టీవీ బోర్డుకు గుచ్చొద్దమ్మా. కంపెనీ కాలం నాటి వైరింగు, ఇంగొకటి పెడితే ఫ్యూజు పోతాది. ఆ కిటికీ కింద ప్లగ్గు ఖాళీగా ఉండాది కదా, దానికి పెట్టు” అన్నాడు.

మా క్వార్టర్స్‌లో ముందుగదికి ఉన్నవి రెండే ప్లగ్గులు. టీవీ పక్కన ఒకటి, కిటికీ కింద ఒకటి. లోపలి గది ప్లగ్గులో ఫ్రిజ్. “ఆ మామా” అని లేచాను. కిటికీ కింద చెక్క బల్ల మీద జాన వేసి కొలిచాను. జాన మీద నాలుగు వేళ్లు. అంతలో పట్టే డాకు ఒకటి కనిపించింది. మోహన్‌ది దాని మీద కూర్చుంటుంది, మూర్తిదానికి పక్కన వైరు పెట్టుకోవడానికి ఒక రంధ్రం కూడా ఉంది. ఇంత గందరగోళంలోంచి దాన్ని పట్టుకున్నందుకు గర్వంగా కూడా అనిపించింది. ఆర్డర్ బటన్ ఒక్కటే మిగిలింది. అత్త పిలిస్తే రాగిముద్ద కెలకడానికి వెళ్లాను.

పొద్దు గూకాక ఆన్‌లైన్ క్లాసు వేళయింది. దూరవిద్యలో ఎంకామ్ చేస్తున్నాను, పరీక్షలు వచ్చే నెల. బీరువాలోంచి ల్యాప్‌టాప్ తీశాను. దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, కరెంటు తీస్తే మరుక్షణం ఆరిపోతుంది. దాని వైరు కిటికీ కింద ప్లగ్గులో గుచ్చి, బల్ల మీద పెట్టబోతుంటే చేయి గాల్లోనే ఆగిపోయింది.

పొద్దున నుంచి రంధ్రాలు, ముళ్లు, దీపం రంగులు అన్నీ చూశాను. మూర్తి మోడల్ గురించి ఆలోచించాను, ఫ్యూజు గురించి ఆలోచించాను. నా ల్యాప్‌టాప్ ఎక్కడ పెట్టాలన్నది ఒక్కటే తలలోకి రాలేదు. ఆ బల్లను నేనే జాన వేసి కొలిచాను. మామ ఖాళీ అన్నాడంటే ఆయన తప్పేం లేదు. రైలు దిగి అన్నదమ్ములు తలుపు తీసిన చప్పుడుకే నేను ల్యాప్‌టాప్ మూసేసి, వైరు చుట్టి బీరువాలో పెట్టి, అన్నం వడ్డించడానికి లేస్తాను. క్లాసు సగంలోనే పోతుంది. మేడమ్‌ను డౌట్ అడిగింది ఏనాడూ లేదు. ఆ ప్లగ్గు ఎవరు చూసినా ఖాళీగానే ఉంటుంది. అట్లా ఉంచింది నేనే. ఎవరూ నన్ను తీయమని చెప్పలేదు. చెప్పి ఉంటే కోపమైనా సరైన చోట పెట్టుకునేదాన్ని.

ఫోన్ మోగింది. రైల్లోంచి మోహన్. “ఆర్డర్ పెట్టినావా?”

“చూసినాను. పెట్టలేదు.”

“ఏమి, కన్ఫ్యూజనా?”

“ఊ. కన్ఫ్యూజనే.”

“సుమ్నే, ఊరికే ఎందుకు తల చెడుపుకుంటావు? ఏదో ఒకటి నొక్కేయి.”

“కిటికీ కింద ప్లగ్గు తప్ప వేరే జాగా లేదు. ఆడ నా ల్యాప్‌టాప్ ఉండాది.”

“అది నువ్వు తీసేస్తావు కదా, మేం వచ్చేతలికి.”

“ఇంగ తీయను.”

అది నా గొంతేనా అని నాకే అనుమానం వచ్చింది.

“ఛార్జింగ్ మీరే పెట్టుకోండి” అన్నాను. “కొన్నాళ్లు పెట్టుకుంటే ఏ డాక్ కావాల్నో మీకే తెలుస్తాది. అప్పుడు మీరే కొనుక్కోండి.”

“ఏమైంది నీకు? అమ్మ ఏమన్నా అనిందా?”

“ఎవురూ ఏమీ అనలేదు. నాకేమైందో నాకే తెలీదు.” అది నిజం. ఫోను పెట్టేశాను. ఇంత చిన్నదానికి ఇంత మాట అన్నానా? నా కోసం కొంటానన్న మనిషిని నొప్పించానా? డాకు కొని, దాన్ని పగలు పెట్టి, సాయంత్రం తీసేస్తే సరిపోయేదేమో కూడా. ఆ ఉపాయం తట్టగానే ప్రాణం లేచొచ్చింది. వెంటనే, పెట్టేదీ తీసేదీ మళ్లీ నేనే కదా అని గుర్తొచ్చింది. ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి క్లాసు తెరిచాను.

కాస్ట్ అకౌంట్స్ మేడమ్ మూడో లెక్క మొదలుపెట్టే వేళకు వీధి తలుపు చప్పుడయింది. నా చేయి దానంతటదే ల్యాప్‌టాప్ మూత మీదికి పోయింది. వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాను. మేడమ్ మాట ఒక్కటీ తలకెక్కలేదు.

చెప్పులు విడిచారు. బ్యాగులు సోఫా మీద పడ్డాయి. మోహన్ నా వెనకగా వచ్చి టీవీ పెట్టాడు. మూర్తి కంట్రోలర్ తీసి నొక్కాడు. “చచ్చి ఉండాదన్నా ఇది.”

“కేబుల్ యాడుండాది నేత్రా?” అన్నాడు మోహన్.

టీవీ కింది సొరుగులో, రబ్బరు బ్యాండు వేసి ఉంది. అతని చేతికి జానెడు దూరం. ఒక్క మాట చెబితే అయిపోతుంది. అతను పై అర వెతికాడు, సోఫా దిండు ఎత్తి చూశాడు. మూర్తి టీవీ వెనక చేయి పెట్టి దుమ్ముకు తుమ్మాడు.

“ఏమమ్మీ, వాడు అడగతా ఉండాడు కదా. చెప్పు!” అంది అత్త వంటింటి గడపలోంచి.

“నేత్రావతీ,” ల్యాప్‌టాప్‌లోంచి మేడమ్ పిలిచింది, “మూడో లెక్క మీకు అర్థమైందా?”

మైకు ఆన్ చేశాను. కేబుల్ సంగతి చెబుతానని కాబోలు, ముగ్గురూ నావైపు తిరిగారు.

“అర్థం కాలేదు మేడమ్” అన్నాను. “మొదటి నుంచి ఇంకొకసారి చెప్పండి.”