బూడిదరంగు బటన్

ఆ కుట్టు శిక్షణ కేంద్రం వెబ్‌సైట్ చేసింది నేనే. అది తయారైన రోజుల్లో నా కాళ్ళు నేల మీద నిలవలేదు. తెరవగానే పేజీ నిండా కదిలే బొమ్మ: మిషన్, సూది, గాలికి ఊగే రంగురంగుల గుడ్డ. దాని కింద సన్నటి బూడిదరంగు అక్షరాలు. అన్నిటికంటే అడుగున, ఇంకా లేత బూడిదలో 'దరఖాస్తు ఖరారు చేయండి' అనే బటన్. ఎంత నాజూకుగా ఉందోనని నాకు నేనే మురిసిపోయాను.

మా ఆఫీసులో అచ్చుతప్పులు చూసే పెద్దాయన ఒకరున్నారు. తెరకి ముక్కు ఆనించినంత పని చేసి, "బాబూ, ఆ బటన్ కనబడి చావట్లేదు. కాస్త నల్లగా చెయ్యి" అన్నారు.

"డిజైన్ బాగానే ఉంది సార్. మీరే కళ్ళద్దాలు మార్చండి" అన్నాను. అందరూ నవ్వారు. పాపం, ఆయనా నవ్వారు. ఆ మాట పెడచెవిన పెట్టాను.

ఆ కేంద్రంలో టీచర్ ఉద్యోగానికి దరఖాస్తులన్నీ ఆ సైట్‌లోనే. మా అక్క దర్జీ. ఇరవై రెండేళ్ళుగా మిషన్ తొక్కీ తొక్కీ మోకాళ్ళు అరగదీసుకుంది. నలభై అయిదు దాటితే ఆ ఉద్యోగానికి తీసుకోరు. అక్కకి ఇదే ఆఖరి అవకాశం. నేను నింపిపెడతానంటే, "నువ్వు చేసిన పేజీయే కదరా, నాకు రాదా ఏంటి?" అంది. నాకు పొంగిపోవడమే సరిపోయింది.

రెండో వారంలో లెక్కలు చూశాం. ఒక్కొక్కరూ ఆ పేజీ మీద సగటున తొమ్మిది నిమిషాలు ఉంటున్నారు. మేనేజర్ అందరి ముందూ నా భుజం తట్టాడు. జనం కళ్ళు తిప్పుకోలేకపోతున్నారని సంబరపడ్డాం. అంతసేపు అక్కడ ఏం చేస్తున్నారని మాలో ఒక్కరమూ అడగలేదు.

గడువు ముగిసిన మర్నాడు జాబితా నా చేతికొచ్చింది. మొదలుపెట్టినవాళ్ళు రెండొందల తొంభై మంది. ఖరారు చేసినవాళ్ళు ఎనభై మూడు. ఆగిపోయినవాళ్ళలో అక్క పేరుంది. గళ్ళన్నీ పొందికగా నింపింది. ఇరవై ఆరు నిమిషాలు ఆ పేజీ మీదే ఉంది. కేంద్రం వాళ్ళని ఫోన్లో కాళ్ళావేళ్ళా పడి బతిమాలాను. గడువంటే గడువే అన్నారు.

ఆ సాయంత్రం అక్క కొట్టుకి వెళ్ళాను. లంగా అంచు మడుస్తూ, "ఇంటర్వ్యూకి ఎప్పుడు పిలుస్తారట్రా?" అంది.

చెప్పాను. సూది పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

"ఎంత వెతికానో తెలుసా? ఆ గుడ్డ ఊగుతూనే ఉంటే, దరఖాస్తు వెళ్ళిపోయిందిలే అనుకున్నా. నా చదువు అంతంతమాత్రం కదా, నాకే తెలియలేదు."

"కాదక్కా. కనబడకుండా పెట్టింది నేను. తప్పు నాది." నాలుగు తిట్టినా బాగుండేది.

అక్క దారం తెంపి, "నాలాంటోళ్ళు ఇంకా ఎంతమంది?" అంది.

"రెండొందల ఆరుగురు."

"నాకైతే నువ్వొచ్చి చెప్పావు. తప్పు వాళ్ళది కాదని వాళ్ళకెవరు చెప్తార్రా?"