కట్ చెప్పని షాట్

స్కూల్లో ఆ పిల్లను అందరూ గుడ్లగూబ అనేవారు. రెప్ప వేయకుండా చూస్తుందని క్లాసు లీడరు పెట్టిన పేరది. పదహారేళ్లొచ్చినా ఒక్క స్నేహితురాలు లేదు. మధ్యాహ్నం డబ్బా పట్టుకుని మెట్ల కింద ఒంటరిగా తినేది. ఇంట్లో తల్లి బట్టలు కుడుతూ నాలుగు మాటలడిగితే, ఒకదానికి తలూపేది.

అలాంటి పిల్లను తన సినిమాలో పెట్టుకుంటానని మేనమామ వచ్చినప్పుడు తల్లికి నవ్వొచ్చింది. పలకరిస్తేనే పారిపోయేదాని చేత డైలాగులు ఎలా చెప్పిస్తావని అడిగింది. డైలాగులు అక్కర్లేదన్నాడు తమ్ముడు. ఎవరికీ పట్టని ఒక అమ్మాయి, తనను ఏడిపించినవాళ్లను ఒక్కొక్కరినే మాయం చేసే కథ అది. స్టూడియో లేదు, పేరున్న నటులు లేరు. ఉన్నదల్లా ఒక కెమెరామన్, కొందరు స్నేహితులు, మూతపడిన ఐసు ఫ్యాక్టరీ. దుస్తులు కుట్టే పని అక్కకే అప్పగించాడు.

"దాని చూపు చాలక్కా. మిగతాది నేను చూసుకుంటా."

షూటింగు మొదలయ్యాక పిల్ల మారింది. షాటు అవగానే అందరూ చప్పట్లు కొట్టేవారు. పుట్టి బుద్ధెరిగాక దాన్ని మెచ్చుకున్నవాళ్లు వాళ్లే. కడుపునిండా తినడం మొదలుపెట్టింది. ఒకసారి కూనిరాగం కూడా తీసింది. తల్లి ప్రాణం లేచొచ్చింది.

ఆ సంబరం ఎన్నాళ్లో నిలవలేదు. సినిమా కోసం కుట్టిన బూడిదరంగు గౌను పిల్ల ఇంట్లోనూ విప్పడం మానేసింది. ఒక సాయంత్రం మిషను తొక్కుతున్న తల్లికి వీపు మీద ఏదో పాకినట్టనిపించింది. తిరిగి చూస్తే, కూతురు కుర్చీ వెనకే నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో అలికిడి కూడా లేదు.

"ఏం కావాలమ్మా?"

"ఏం వద్దు. నువ్వెప్పుడు వెనక్కి తిరుగుతావా అని చూస్తున్నా. మామయ్య ప్రాక్టీసు చెయ్యమన్నాడు."

తల్లి మిషను ఆపేసింది. మర్నాడు తమ్ముడికి చెబితే వాడు కంగారు పడకపోగా, లాటరీ తగిలినట్టు సంబరపడ్డాడు.

ఐసు గది సీను తీసే రోజు, అదనంగా కుట్టిన రెండో గౌను పట్టుకుని ఆమె ఫ్యాక్టరీకి వెళ్లింది. అక్కడ మేకప్ వేయించుకుంటున్న అమ్మాయిని చూసి కాళ్లు నిలిచిపోయాయి. క్లాసు లీడరు. తన కూతురికి ఆ పేరు పెట్టిన పిల్ల. ఏడిపించే అమ్మాయి వేషానికి ఈమెనే ఎందుకు తెచ్చావని తమ్ముణ్ణి పక్కకు లాగి అడిగింది.

"నటిస్తే తెలిసిపోతుందక్కా. నాకు నిజమైన కోపం కావాలి."

"నిప్పుతో ఆడుతున్నావురా."

వాడు వినిపించుకోలేదు. అప్పటికే లైట్లు వెలిగాయి.

సీను చిన్నదే. లీడరు ఐసు గదిలోకి తొంగిచూస్తుంది, వెనక నుంచి తోసి తలుపు వేయాలి, అంతే. చల్లదనం ఎప్పుడో పోయినా, ఆ గదిలోకి ఇప్పటికీ గాలి చొరబడదు. జానెడు మందం తలుపు, బయట ఇనుప గడియ. గడియ వేసినట్టు చెయ్యి మాత్రం పెట్టమని ముందే చెప్పారు.

పిల్ల తోసింది. తలుపు మూసింది. గడియ నిజంగానే పడిన చప్పుడు అందరికీ వినబడింది.

లోపలి నుంచి కేకలు సన్నగా, బావిలోంచి వచ్చినట్టు వచ్చాయి. మొదట తిట్లు, తర్వాత పిల్ల పేరు, గుడ్లగూబ కాదు, అసలు పేరు. చివరికి అమ్మా అన్న ఒక్క మాటే. పిల్ల తలుపుకు చెవి ఆనించి వింటోంది. తల్లి తమ్ముడి ముందున్న తెర వైపు చూసింది. అందులో కూతురి ముఖం నిండుగా ఉంది. కళ్లు మెరుస్తున్నాయి. ఆ ముఖంలో అంత వెలుగు కన్నతల్లి కూడా ఎన్నడూ చూడలేదు.

కెమెరామన్ కెమెరా మీంచి తలెత్తాడు. ఆపుదామా అన్నట్టు చూశాడు. తమ్ముడు వద్దని తలూపాడు.

ఆమె కెమెరాకు అడ్డంగా నడిచి వెళ్లి గడియ మీద చెయ్యి వేసింది. కూతురి చెయ్యి అప్పటికే అక్కడ ఉంది, మంచుగడ్డలా.

"తియ్యమ్మా."

"మామయ్య ఇంకా కట్ అనలేదు కదా."

లోపల కేకలు ఆగిపోయాయి. ఆమె తమ్ముడి వైపు చూడనైనా లేదు. కూతురి చెవి దగ్గర వంగి, తనే ఆ మాట చెప్పింది. "కట్."

చెయ్యి వదులైంది. లీడరు గుమ్మం దగ్గరే ముడుచుకుని పడి ఉంది, గోళ్ల నుంచి రక్తం. నీళ్లు చల్లితే కళ్లు తెరిచింది. ఎదురుగా ఉన్న పిల్ల ముఖాన్ని చూసి మళ్లీ మూసుకుంది.

లీడరు తల్లిదండ్రులు వచ్చేదాకా పిల్ల తల్లి అక్కడే ఉండి, జరిగినదంతా దాచకుండా చెప్పింది. ఆ షాటు తన కళ్లముందే చెరిపించింది. సినిమా అక్కడితో ఆగిపోయింది. తన జీవితంలో తీసిన గొప్ప షాటు అక్క నాశనం చేసిందని తమ్ముడు ఇప్పటికీ చెప్పుకుంటాడట. అతన్ని ఆమె మళ్లీ తన గుమ్మం తొక్కనివ్వలేదు.

పిల్ల స్కూలు మారింది. వారం వారం డాక్టరమ్మ దగ్గరకు వెళుతోంది. ఒకరోజు బస్సులో తల్లి పక్కన కూర్చుని, కిటికీలోంచి చూస్తూ అడిగింది.

"ఆ షాటులో నేనెలా ఉన్నానమ్మా?"

ఒక అబద్ధం ఆమె నోటిదాకా వచ్చింది. దాన్ని మింగేసి నిజమే చెప్పింది.

"సంతోషంగా ఉన్నావు."

పిల్ల తల్లి చెయ్యి వెతికి పట్టుకుంది. "అందుకే నాకు భయంగా ఉంది" అంది.

తల్లి ఆ చెయ్యి వదల్లేదు. తనకూ భయంగానే ఉందని మాత్రం చెప్పలేకపోయింది.