బుడన్‌బీ దొరకలేదు

ధర్మవరంలో శ్రీరాములు షెడ్డులో పన్నెండు పట్టుమగ్గాలు రెండు రోజులుగా ఆగిపోయాయని వినగానే షహీన్ కడుపులో మంట కాస్త చల్లారింది. అబద్ధం ఎందుకు, బాగానే చల్లారింది. హిందూపురంలో ఆమెది చిన్న కంప్యూటర్ రిపేరు షాపు. ఫోన్ చేసింది శ్రీరాములు కొడుకు సునీల్ అని గొంతు వినగానే పోల్చుకుంది. అతనికి మాత్రం షాపు పేరు తప్ప మనిషి ఎవరో తెలియదు.

“మగ్గాలకు పోయే డిజైన్లన్నీ కంప్యూటర్‌లోనే ఉండాయి మేడమ్. లైనక్స్ తెలిసినోళ్లు ఈడ ఎవరూ దొరకలేదు. ఆన్ చేస్తే నల్లతెర వచ్చి నిలిచిపోతాండాది.”

“వస్తాండా. ఎవరూ ముట్టుకోవద్దు,” అని పెట్టేసింది.

రైలు పెనుకొండలో ఆగినప్పుడు ఆమె దిగలేదు గానీ, మనసు దిగిపోయింది. ఆ ఊళ్లో ఆమె అవ్వ బుడన్‌బీ పాత చీరలతో బొంతలు కుట్టేది. బొంత చుట్టూ చింతాకు రెమ్మలు, ఒకదాని తోక ఇంకొకటి పట్టుకున్నట్టు కుట్టడం ఆమెకే చేతనయ్యేది. శ్రీరాములు దగ్గర డిజైన్లు గీసే రోజుల్లో షహీన్ ఆ రెమ్మలనే పట్టుచీర అంచుగా మార్చింది. అక్కడి కంప్యూటర్‌లో డిజైన్లు దాచే డిస్కుకు కూడా అవ్వ పేరే పెట్టుకుంది. ఆ పేరు చూసి నేతగాడు మద్దిలేటి మొదట అన్నాడు, బుడన్‌బీ అంచు అని. ఆ తర్వాత అందరూ అన్నారు. తన పేరు పెళ్లిచీరకెక్కిందని విని అవ్వ నవ్వీ నవ్వీ దగ్గుతో మంచమెక్కింది. రెండు నెలలకే పోయింది.

అవ్వ పోయిన ఏడాదే ఎగ్జిబిషన్‌లో బోర్డు లేచింది. ‘యశోద అంచు. డిజైన్: సునీల్.’ యశోదమ్మ శ్రీరాములు భార్య. ఇదేంది మామా అని షహీన్ అడిగితే, శ్రీరాములు మగ్గాలవాళ్లందరి ముందూ అన్నాడు: “గీసింది ఎవరైతేనేం, మగ్గం నాది. బొంతలు కుట్టే ముసలిదాని పేరు పెడితే పెళ్లివాళ్లు కొంటారా?” ఆ రోజే ఆమె బ్యాగు సర్దుకుంది. మూడేళ్లయింది. ఆ మాట ఒక్క రోజు కూడా పాతబడలేదు.

ఆమె షెడ్డులోకి అడుగుపెట్టగానే శ్రీరాములు కుర్చీలోంచి లేచాడు.

“నువ్వా?”

“నేనే సార్.”

మామా అని పిలిచిన నోటితో సార్ అనడం ఆమెకు ఎంత తియ్యగా ఉందో చెప్పలేం. పొమ్మనడానికి అతనికి దారి లేదు. ఎల్లుండి కదిరి పెళ్లివాళ్లు వస్తున్నారు, మగ్గాల మీద ముక్కాలు నేసి ఆగిన పదకొండు చీరలకూ అదే అంచు.

షహీన్ మిషన్ ఆన్ చేసింది. తెల్ల అక్షరాలు జారుతూ వచ్చి ఒక చోట ఆగాయి. మిషన్ ఏదో డిస్కు కోసం నిమిషమున్నర వెతికి, దొరకలేదని చేతులెత్తేసింది. దొరకని ఆ డిస్కు పేరు చదివి ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది.

“డిస్కు పేరు ఎవరు మార్చినారు?”

సునీల్ నేల వైపు చూశాడు. “నేనే అక్కా. టీవీవాళ్లు వస్తాండారు, తెర మీద ఆ పేరు కనపడకూడదని నాయన అన్నాడు. యశోద అని మార్చినా. మార్చినాక కూడా నెల దాకా బాగానే పనిచేసింది కదా.”

పనిచేస్తుంది మరి. ఆ ఇంట్లో మగ్గాలకూ కంప్యూటర్‌కూ సెలవు అమావాస్య ఒక్కరోజే. మిగతా రోజులన్నీ అది ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. మిషన్ లేచేటప్పుడు ఏ డిస్కును వెతికి తగిలించుకోవాలో చెప్పే చిన్న జాబితా ఒకటి ఉంటుంది. అందులో షహీన్ ఎప్పుడో రాసిన పేరు అలాగే ఉంది. అమావాస్య మర్నాడు మిషన్ లేచి, బుడన్‌బీ ఎక్కడ అని అడిగింది. ఇంట్లో ఆ పేరు లేదు.

కీబోర్డు మీద ఒక్క వరుస కొడితే డిస్కు మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. షహీన్ వేళ్లు దురదపెట్టాయి. తుడిస్తే శ్రీరాములు ఏడుస్తాడు, నెల తర్వాత ఇంకెవరిచేతో గీయించుకుంటాడు, బోర్డు మాత్రం అలాగే ఉంటుంది. అంత చవకగా వదిలే ఉద్దేశం ఆమెకు లేదు.

“సార్, డిస్కుకు ఏం పేరు పెట్టమంటారు?”

శ్రీరాములు గొంతు సవరించుకున్నాడు. “ఉన్న పేరే ఉండనీ. ఆ జాబితాలోనే యశోద అని మారిస్తే సరిపోదా?”

“సరిపోతాది. ఒక్క నిమిషం పని. నేను చెయ్యను. చేసేవాళ్లు యాడన్నా ఉంటే పిలుచుకోండి.”

ఆమె కుర్చీలో వెనక్కి వాలి చేతులు కట్టుకుంది. మగ్గాలవాళ్లు ఒక్కొక్కరే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. పక్కకు పొమ్మన్నా ఎవరూ పోయేలా లేరు. చివరికి మద్దిలేటే అన్నాడు.

“చెప్పు సావుకారూ. నువ్వు లేనప్పుడు ఆ అంచును మేమంతా పిలిచేది ఆ పేరుతోనే.”

శ్రీరాములుకు ఆ సంగతి అప్పుడే తెలిసింది. పై కండువాతో మొహం తుడుచుకున్నాడు.

“బుడన్‌బీ,” అన్నాడు.

“ఈడికే వినపడలేదు సార్. మగ్గాల కాడికి వినపడాల.”

“బుడన్‌బీ అంచు,” అన్నాడు, ఈసారి షెడ్డంతా వినేలా. “ఆ ముసలామె అంచే. బోర్డు మార్పిస్తా. ఇంక కానియ్యి తల్లీ.”

షహీన్ డిస్కుకు పాత పేరు కొట్టి మిషన్ ఆపి మళ్లీ ఆన్ చేసింది. ఎక్కడా ఆగకుండా లేచింది. తెర మీద అవ్వ పేరుతో డిస్కు కనిపించింది. మగ్గాలవాళ్లు తమ చోట్లకు వెళ్లిపోయారు. కాసేపటికి చప్పుళ్లు మొదలయ్యాయి.

సునీల్ ఆమె పక్కనే నిలబడి తెర మీద జాబితా చదువుతున్నాడు. వాడు పూర్తిగా తెలివితక్కువవాడు కాదు.

“అక్కా, ఈడ ‘నోఫెయిల్’ అని ఒక మాట చేరిస్తే, డిస్కు దొరక్కపోయినా మిషన్ లేస్తాదంట కదా. చదివినా.”

“లేస్తాది.”

“మంచి మెకానిక్కులందరూ అది పెడతారంట.”

“పెడతారు,” అంది షహీన్ బ్యాగు భుజానికి తగిలించుకుంటూ. “ఈ ఇంట్లో మా అవ్వ లేకుండా ఏదీ లేవకూడదు.”